ఎలక్ట్రాన్ల గురించి రాస్తున్న తమ్ముడికి

తమ్మీ,

పరమాణువులు, విద్యుత్ ఆవేశం (చార్జి) మీద నువ్వు పంపిన వ్యాసం నిదానంగా చదివాను. భాష బాగుంది, మొహమాటానికి అంటున్న మాట కాదు. కానీ మొదటి పేజీ అంతా పరమాణువు అనగా, కేంద్రకం అనగా, ప్రోటాన్ అనగా అంటూ ఎనిమిదో తరగతి గైడులా నింపేశావు. దేవరకొండలోనో అచ్చంపేటలోనో రాత్రి తిన్నాక ఫోన్ పట్టుకుని చదివే మనిషి మూడో లైను దగ్గరే ఆపేస్తాడు. ఆయనకు ముందు ఒక సంగతి చెప్పు, నిర్వచనం దాని వెనకాల వస్తే చాలు.

ఆ సంగతి కోసం నువ్వు ఎక్కడికీ పోనక్కర్లేదు. నల్లగొండ పేరు దేశమంతా తెలిసిందే ఫ్లోరైడ్ నీళ్ల వల్ల. మర్రిగూడ, మునుగోడు వైపు వంగిపోయిన నడుములు, వంకర తిరిగిన కాళ్లు చూడనివాడు మన దగ్గర ఉండడు. దాన్ని పట్టుకెళ్లి చివర్లో 'ఫ్లోరైడ్ కూడా ఆవేశమున్న కణమే' అని ఒక్క ముక్కలో వదిలేశావు! అసలు వ్యాసం మొదలు కావాల్సింది అక్కడ. ఫ్లోరిన్ పరమాణువు కేంద్రకంలో 9 ప్రోటాన్లు, చుట్టూ 9 ఎలక్ట్రాన్లు. ప్రోటాన్‌ది ధనావేశం, ఎలక్ట్రాన్‌ది ఋణావేశం, మోతాదు మాత్రం సరిగ్గా ఒకటే, కాబట్టి కూడితే సున్నా, పరమాణువు తటస్థం. ఇంకో ఎలక్ట్రాన్ దొరికితే మాత్రం వదిలే రకం కాదది. పదోది వచ్చి చేరాక 9 ప్రోటాన్లతో లెక్క సరిపోదు, ఒక ఋణావేశం మిగిలిపోతుంది, అదే ఫ్లోరైడ్ అయాన్. మన కాళ్ల కింది గ్రానైట్‌లోని ఖనిజాలు కరిగి బోరు నీళ్లలోకి దిగేది ఇదే. అదే ఫ్లోరిన్ వాయువైతే దగ్గరికి కూడా పోలేం, కనబడ్డ ప్రతిదానితో చర్య జరిపేంత ఉగ్రమైంది. ఒక్క ఎలక్ట్రాన్ వచ్చి చేరితే గుణం ఎంత మారిపోతుందో చూడు.

ఇది చదివిన వాళ్లకు వెంటనే ఒక అనుమానం రావాలి. నీళ్ల నిండా ఆవేశమున్న అయాన్లుంటే బిందె ముట్టుకుంటే షాక్ ఎందుకు కొట్టదు? ఆ ప్రశ్న నువ్వే వేసి నువ్వే జవాబు చెప్పు. అవే నీళ్లలో ఒక ఎలక్ట్రాన్ పోగొట్టుకున్న సోడియం, రెండు పోగొట్టుకున్న కాల్షియం కూడా ఉంటాయి. ప్లస్సులూ మైనస్సులూ కలిపితే బిందెడు నీళ్లు మొత్తం మీద తటస్థమే. తటస్థం అంటే ఆవేశం లేకపోవడం అని నువ్వు రాసిన వాక్యం అందుకే నాకు మింగుడు పడలేదు. ఒక గ్రాము నీళ్లలోనే సుమారు 330 కోట్ల కోట్ల కోట్ల ఎలక్ట్రాన్లు ఉంటాయి, ప్రోటాన్లూ అన్నే ఉంటాయి. (ఇంతకీ పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి నల్లగొండ టెక్నిక్ అనే పేరుంది, జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ నీరి తయారుచేసింది. దాని గురించి ఇంకో వ్యాసం రాయి, ఇందులో ఇరికించకు.)

'రుద్దితే ఆవేశం పుడుతుంది' అని రాశావు కదా, అది కొట్టెయ్. ఏమీ పుట్టదు, ఇక్కడిది అక్కడికి పోతుంది, అంతే. డిసెంబరులో ప్లాస్టిక్ దువ్వెనతో తల దువ్వితే వెంట్రుకల మీది ఎలక్ట్రాన్లు కొన్ని దువ్వెనకు పోతాయి. దువ్వెన మైనస్, వెంట్రుకలు ప్లస్, వెంట్రుకలన్నీ ఒకే ఆవేశంతో ఉంటాయి కాబట్టి ఒకదాన్నొకటి నెట్టుకుని విడివిడిగా లేచి నిలబడతాయి. వానాకాలంలో ఈ తమాషా సరిగా జరగదు, గాలిలో తేమ ఎక్కువై వస్తువుల మీద సన్నని నీటి పొర చేరుతుంది, ఆవేశం దాని మీదుగా జారిపోతుంది. దువ్వెన మీద చేరింది ఒక నానోకూలుంబు (ఆవేశాన్ని కొలిచే కూలుంబులో వంద కోట్లో వంతు) అనుకున్నా అది 624 కోట్ల ఎలక్ట్రాన్లు, అయినా దువ్వెనలో మొత్తం ఉన్నవాటి ముందు ఆ సంఖ్య లెక్కలోకే రాదు. ఈ 624 కోట్లనూ గ్రాము నీళ్ల అంకెనూ పక్కపక్కన పెట్టు, పాఠకుడు ఆగి ఆలోచిస్తాడు.

ఎలక్ట్రానే ఎందుకు కదలాలి, ప్రోటాన్ ఎందుకు కదలదు అనేది నీ వ్యాసంలో అసలు లేదు. ఇది పెద్ద లోటు, ఎందుకంటే పరమాణు నిర్మాణం పనికొచ్చేదే ఇక్కడ. రూథర్‌ఫర్డ్ అనే శాస్త్రవేత్త 1911లో చెప్పిన కేంద్రకం పరమాణువు వెడల్పులో పదివేలో వంతు కన్నా చిన్నది, ప్రోటాన్లు అందులో గట్టిగా బిగుసుకుని ఉంటాయి, దువ్వెనతో రుద్దే బలం అక్కడిదాకా పోనే పోదు. పైగా ప్రోటాన్ ఒక్కటి పెరిగినా అది ఫ్లోరిన్ కాదు, నియాన్ అయిపోతుంది. బయటి ఎలక్ట్రాన్ల మీద అంత పట్టు ఉండదు, అవే చేతులు మారతాయి. అయితే ప్లాస్టిక్ లాంటి వాటిలో అయాన్లు, పదార్థపు సన్నని తునకలు కూడా అటూ ఇటూ అంటుకుంటాయని తేలింది, దేని పాలు ఎంత అనే వాదన ఇంకా నడుస్తోంది. 'ముఖ్యంగా ఎలక్ట్రాన్లు' అని రాస్తే లోహాల విషయంలో నిక్కచ్చిగా సరిపోతుంది, మిగతా చోట కాస్త జాగ్రత్తగా మాట్లాడు.

సూర్యుడి చుట్టూ గ్రహాలు తిరిగినట్టు అనే పోలిక తీసెయ్ తమ్మీ, ఎలక్ట్రాన్లు అలా గీత గీసిన దారిలో తిరగవు, ఒకసారి ఆ బొమ్మ బుర్రలో పడితే ఇంటర్‌లో కూడా పోదు. ఎలక్ట్రాన్ పోతే ప్లస్ ఎందుకవుతుందని పిల్లలు తికమకపడతారు కాబట్టి అమెరికా శాస్త్రవేత్త ఫ్రాంక్లిన్ సంగతి రెండు లైన్లు ఉండనీ: ఆయన ప్లస్, మైనస్ అని పేర్లు పెట్టింది 1740ల్లో, థామ్సన్ ఎలక్ట్రాన్‌ను కనిపెట్టింది 1897లో, అప్పటికే ఖాయమైన పేర్లలో దాని వంతుకు మైనస్ వచ్చింది.

కాగితం ముక్కలు దువ్వెనకు అతుక్కుంటాయి కాబట్టి వాటికీ ఆవేశం ఉందన్నావు, లేదు. కాగితం తటస్థమే. దువ్వెన దగ్గరకొస్తే దాని అణువుల్లోని ఎలక్ట్రాన్లు కొద్దిగా అవతలికి జరుగుతాయి, ప్లస్ వైపు దువ్వెనకు దగ్గరవుతుంది, దూరం తగ్గితే బలం పెరుగుతుంది కాబట్టి లాగడమే గెలుస్తుంది. అందుకే లాగిందంటే ఆవేశం ఉన్నట్టు రుజువు కాదు, నెట్టిందంటేనే రుజువు. రెండు స్ట్రాలను ఒకే బట్టతో రుద్ది, ఒకదాన్ని దారంతో వేలాడదీసి రెండోది దగ్గరకు తెమ్మని రాయి.

అంకెలన్నీ ఫిజిక్స్ లెక్చరర్ ఎవరికైనా చూపించి, తర్వాతే నాకు మళ్లీ పంపు. పొడుగైపోతే ఫ్రాంక్లిన్‌ను తీసెయ్, ఎవరూ అడగరు. స్ట్రాల ప్రయోగం మాత్రం తీయకు, పిల్లలు ఇంట్లో చేసి చూస్తారు.