అల్లుడా, బండి వేలాడేటప్పుడు చూడు

చిరంజీవి అల్లుడికి,

తిరుపతి నుంచి మీ మామ ఆశీస్సులు.

నిన్న మీ అమ్మ ఫోన్ చేసింది. "వాడు కొత్త బండికి బరువు మోసే స్ప్రింగు పట్టీలు, ఆ కమాన్లు విప్పేసి పొడుగువి వేస్తాడంట, 33 అంగుళాల టైర్లంట, నువ్వైనా చెప్పు తమ్ముడూ" అనింది. రాత్రంతా నిద్ర పట్టలేదు. భయమేసింది, నిజమే. కానీ సంతోషమూ వేసింది. స్పానర్ పట్టే చెయ్యి మన ఇళ్ళల్లో నాతోనే ఆఖరు అనుకుంటూ ఉన్నా. చిన్నప్పుడు మా రేణిగుంట రోడ్డు షెడ్డులో గ్రీజు డబ్బాలో మోచేతి దాకా చెయ్యి పెట్టి మీ అమ్మ చేత దెబ్బలు తిన్నోడివి, ఈరోజు సొంతంగా వెనక ఇరుసుండే హౌసింగ్ దించుతానంటున్నావు. నీకు వద్దని చెప్పను. చేస్తే ఎట్లా చెయ్యాలో మాత్రం చెప్తా, ఓపిగ్గా చదువు.

ముందు నువ్వు చూసే ఆ ఎడారి పందేల వీడియోల సంగతి. మెక్సికో ఎడారిలో 1967 నుంచి బాజా పందెం జరుగుతోంది. అందులో పరుగెత్తే పెద్ద ట్రక్కులకు వెనక చక్రం పైకీ కిందికీ 30 అంగుళాలకు పైగానే ఆడుతుంది. అవి ఛాసిస్‌తో, అంటే అడుగు ఇనుప చట్రంతో సహా పందెం కోసమే కట్టిన బండ్లు. నీది మన శ్రీసిటీలో తయారైన ఇసుజు వీ-క్రాస్ పికప్. అందులోనే మీ అమ్మను ఎక్కించుకుని కాణిపాకం పోవాలి, చిత్తూరు మార్కెట్టుకు మామిడికాయలు తోలాలి. చక్రం ఇంకొక నాలుగైదు అంగుళాలు ఎక్కువ ఆడితే నీకు చాలు. ఆ నాలుగైదు అంగుళాలకే ఎంత పనుందో విను.

కమాను పొడుగు ఎందుకు పెంచుతారో తెలుసుకోకుండా డబ్బు ఖర్చు పెట్టొద్దు. పట్టీ పొడుగు పావువంతు పెరిగితే, మందం అదే ఉన్నా, మెత్తదనం దాదాపు రెండింతలవుతుంది. మందం సగానికి తగ్గితే గట్టితనం ఎనిమిదో వంతుకు పడిపోతుంది. అందుకే నాలుగు మందపాటి పట్టీల కంటే ఎనిమిది పలచటి పట్టీలు బాగా ఆడతాయి, బరువూ మోస్తాయి. అమెరికాలో ఎడారి బండ్లు కట్టేవాళ్ళు పాత షెవర్లే పికప్‌ల 63 అంగుళాల కమాన్లు వెతికి మరీ తెచ్చుకునేది ఇందుకే. ఎత్తు కోసం కమానుకూ హౌసింగ్‌కూ మధ్య ఇనుప దిమ్మెలు పెట్టే పని మాత్రం చెయ్యొద్దు. దాంతో బండి లేస్తుందే గానీ చక్రం ఆట రవ్వంత కూడా పెరగదు.

బిగించేటప్పుడు, కమానును హౌసింగ్‌కు కట్టే పాత యూ బోల్టులు మళ్ళీ వాడొద్దు. 100 కిలోమీటర్లు తిరిగినాక మళ్ళీ ఒకసారి బిగించు. జాకీని నమ్మి బండి కిందికి దూరొద్దు, ఛాసిస్ కింద స్టాండ్లు పెట్టు. ఇటుకలు, రాళ్ళు పెడితే మాత్రం నేనే వచ్చి నీ చెవి మెలేస్తా.

ఇప్పుడు అసలు మాట. మీ నాయన భాకరాపేట ఘాట్‌లో జీపు ప్రమాదం నుంచి బయటపడ్డాడని నీకు తెలుసు. అది ఎందుకు జరిగిందో మాత్రం నీకెవరూ విడమరిచి చెప్పలేదు. చెప్పగలిగినోణ్ణి నేనొక్కణ్ణే, ఆ జీపు విప్పింది నేనే కాబట్టి.

అప్పట్లో మీ నాయన ఒక గ్రానైట్ క్వారీలో సూపర్‌వైజర్. క్వారీ జీపు పాత మహీంద్రా. గుంతల్లో కింద తగులుతోందని ఓనరు దాన్ని వేరే ఊళ్ళో ఒక షెడ్డులో ఎత్తు చేయించినాడు. కమాను చివరను ఛాసిస్‌కు తగిలించే షాకిళ్ళు పొడుగు చేసినారు, ఊపును అణిచే షాకులు (షాక్ అబ్జార్బర్లు) పొడుగాటివి వేసినారు, పెద్ద టైర్లు ఎక్కించినారు. వెల్డింగు శుభ్రం, రంగు శుభ్రం. మీ నాయన దాన్ని చూసి మురిసిపోయినాడు. ఛాసిస్ నుంచి వెనక హౌసింగ్‌కు బ్రేక్ ఆయిల్ తీసుకుపోయే రబ్బరు గొట్టం, ఆ బ్రేక్ హోస్ మాత్రం పాతదే ఉంచేసినారు. బండి నేల మీద నిలబడి ఉంటే ఆ హోస్ సరిపోయింది, కాస్త బిగుతుగా ఉందంతే. షెడ్డువాళ్ళు ఒక రౌండు తిప్పి చూసినారు, బ్రేకు పడింది, బండి ఇచ్చేసినారు.

ఆ రోజు పీలేరు పక్క ఒక వంక దాటినారు. అవతలి గట్టు ఎక్కి దిగేటప్పుడు వెనక హౌసింగ్ మొత్తం ఒక్క క్షణం కిందికి వేలాడింది. కొత్త షాకులు పొడుగువి కదా, అంత దూరమూ దిగనిచ్చినాయి. హోస్ దిగలేకపోయింది. ఎవరికీ ఏమీ తెలియలేదు. భాకరాపేటలో ఆగి టీ తాగినారు. ఘాట్ దిగడం మొదలుపెట్టినాక ఒక మలుపులో డ్రైవరు బ్రేకు తొక్కితే పెడల్ నేలకు అంటుకుపోయింది. ఆ కాలం జీపులకు బ్రేకు లైను ఒక్కటే. ఎక్కడ తెగినా నాలుగు చక్రాలకూ పోయినట్టే. డ్రైవరు చెయ్యి తిరిగినోడు. గేర్లు దించుకుంటూ వచ్చి, కొండ పక్క కాలువలోకి దింపి, బండరాయిని రాసుకుంటూ ఆపినాడు. మీ నాయన మోచెయ్యి చితికింది. లోయ పక్కకు పోయుంటే ఏమయ్యేదో నేను రాయను. నువ్వప్పుడు మీ అమ్మ కడుపులో ఉన్నావు.

మరుసటి రోజు జీపును నా షెడ్డుకు లాక్కొచ్చినారు. ఆ హోస్ నా చేత్తో విప్పినా. పై చివర, ఇనుప కప్పు రబ్బరును నొక్కి పట్టుకునే చోట తెగింది. చీలికలో ఒక సగం నిండా ఎండిన వంక బురద. రెండో సగం శుభ్రంగా ఉంది, లోపలి నూలు పీచుపీచుగా బయటికొచ్చి బ్రేక్ ఆయిల్‌లో నానిపోయుంది. అంటే సగం వంకలోనే తెగింది. మిగతా సగం, ఘాట్‌లో బ్రేకు తొక్కినప్పుడల్లా ప్రెషర్‌కు కొంచెం కొంచెంగా చీలుకుంటూ వచ్చింది. ఆ ముక్కను చాలాకాలం షెడ్డు గోడకు మేకు కొట్టి ఉంచినా. కుర్రోళ్ళు ఎవరు పనికి చేరినా మొదట అదే చూపించేవాణ్ణి.

ఇప్పటి బండ్లకు బ్రేకు లైన్లు రెండు, ఒకటి పోయినా ఇంకొకటి కొంత పట్టుకుంటుంది. అది నమ్ముకుని నువ్వు అశ్రద్ధ చేస్తావేమోననే నా భయం.

కాబట్టి కమాన్లు వేసినాక బండి నేల మీద ఎంత అందంగా నిలబడిందో చూసి మురిసిపోవద్దు. ఛాసిస్ కింద స్టాండ్లు పెట్టి, వెనక చక్రాలు రెండూ పూర్తిగా వేలాడనిచ్చి, టార్చి తీసుకుని కిందికి పో. హౌసింగ్‌కూ ఛాసిస్‌కూ మధ్య ఉండే ప్రతి వస్తువునూ చేత్తో పట్టుకుని చూడు: బ్రేక్ హోస్, హ్యాండ్‌బ్రేక్ కేబుళ్ళు, చక్రం జామ్ కాకుండా చూసే ఏబీఎస్ వైర్లు, హౌసింగ్ గాలి గొట్టం. ఏదీ తీగలా బిగుసుకోకూడదు, వేలితో లాగితే వదులు తెలియాలి. గేర్‌బాక్సు నుంచి హౌసింగ్‌కు తిప్పుడు తెచ్చే ప్రొపెల్లర్ షాఫ్ట్ జారే చోట ఒకదానిలోకి ఒకటి ఇంకా ఎంత లోపలికి ఉందో మార్కర్‌తో గీత గీసి కొలువు. తర్వాత ఒక పక్క జాకీతో పైకెత్తి, ఇంకో పక్క వేలాడనిచ్చి మళ్ళీ చూడు. ఆ తర్వాత పక్కలు మార్చు.

పైకి ఎంత పోతుందో చూడాలంటే కమాన్ కట్టలో మెయిన్ పట్టీ ఒక్కటే ఉంచి, టైరు తగిలించి, జాకీతో హౌసింగ్‌ను లేపు. కట్ట మొత్తం ఉంటే బండే లేస్తుంది, హౌసింగ్ లేవదు. టైరు బాడీకి తగలకముందే, షాకు లోపల కొట్టుకోకముందే బంప్ స్టాపర్ రబ్బరు అడ్డుపడాలి. అట్లాగే కిందికి దిగేటప్పుడు షాకు పూర్తిగా సాగకముందే ఒక నైలాన్ పట్టీ హౌసింగ్‌ను ఆపాలి. షాకు పని ఊపును అణచడం. పైనా కిందా బరువును ఆపే పని దానికి పెడితే పగిలిపోతుంది.

కొన్ని పికప్‌లకు హౌసింగ్ నుంచి ఛాసిస్ మీది బ్రేకు వాల్వుకు ఒక సన్న రాడ్డు ఉంటుంది. వెనక ఎంత లోడుందో వాల్వు ఆ రాడ్డును బట్టి తెలుసుకుంటుంది. బండి లేపి రాడ్డు సంగతి మరిచిపోతే, బండి ఖాళీగా ఉందనుకుని వెనక బ్రేకుకు ప్రెషర్ తగ్గించేస్తుంది. నువ్వు బండి నిండా మామిడికాయలతో మొగిలి ఘాట్ దిగుతున్నా సరే. నీ బండికి ఉందో లేదో చూసి నాకు చెప్పు.

మెత్తటి కమాన్లకు ఇంకో గుణముంది. పెద్ద టైర్లు నేలను గట్టిగా పట్టుకున్నప్పుడు యాక్సిలరేటర్ తొక్కితే ప్రొపెల్లర్ షాఫ్ట్ తగిలే హౌసింగ్ ముక్కు పైకి తిరుగుతుంది, కమాను వంకర్లు పోతుంది, వెనక దబదబా ఎగురుతుంది. ఆ దెబ్బ షాఫ్ట్ మడిగే చోట ఉండే జాయింట్ క్రాస్ మీద పడుతుంది. అట్లా ఎగిరితే వెంటనే కాలు తీసెయ్. దానికి హౌసింగ్ నుంచి ఛాసిస్‌కు ఒక బార్ కట్టాలి. అది ఎట్లా కట్టాలో కాగితంలో చెబితే అర్థం కాదు, చూపించాలి.

నీ పాత టైరు 29 అంగుళాలున్నర. 33 వేస్తే మీటరు 60 చూపించేటప్పుడు బండి 67లో పోతుంటుంది. బరువైన చక్రాన్ని ఆపడం బ్రేకులకు ఎక్కువ కష్టం. మీటరు చూసి నెమ్మదిగా పోతున్నానని అనుకోవద్దు నాయనా.

కాగితాల సంగతి కూడా. కంపెనీ ఇచ్చిన కొలతలకు భిన్నంగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కింద 2019లో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది. పని మొదలుపెట్టకముందే ఆర్టీవో ఆఫీసుకు పోయి ఏది ఒప్పుకుంటారో కనుక్కో, ఇన్సూరెన్స్ వాళ్ళకూ రాసివ్వు. ఒప్పుకోనిదైతే రోడ్డెక్కించొద్దు, మన మామిడితోటలోనే తోలుకో. శేషాచలం అడవి పక్కకు మాత్రం పోనే పోవద్దు. ఎత్తు లేపిన పికప్ రాత్రిపూట ఆ చుట్టుపక్కల కనపడితే ఎర్రచందనం బండి అనుకుంటారు. మీ అమ్మను పోలీసు స్టేషన్ గడప ఎక్కించొద్దు.

డబ్బు చాలకపోతే టైర్లు తర్వాత కొనుక్కో, హోస్‌లు మాత్రం ముందే కొను. హౌసింగ్ వేలాడదీసిన రోజు పై నట్టు నుంచి కింది నట్టు దాకా టేపుతో కొలిచి నాకు ఫోన్ చెయ్యి. దానికి రెండు అంగుళాలు కలిపి ఇక్కడే హోస్ కట్టించి పంపిస్తా. బార్ కట్టే రోజు చెబితే పొద్దున్నే బస్సుకు వచ్చేస్తా. మీ అత్త కూడా వస్తానంటోంది, మీ అమ్మను చూసి చాన్నాళ్ళయిందంట.

మీ మామ