గోటికి తగలని నంబర్ వేయించకండి

నాలుగు వందల స్టెయిన్‌లెస్ స్టీల్ ట్యాగ్‌ల మీద వరుస నంబర్లు వేయించాలి, సుత్తితో కొట్టి అంకె దించే పంచ్ మంచిదా లేజర్ మంచిదా అని అడిగారు. ఏదైనా సరే, లోతు ఉండాలి. గోటితో గీరితే అంకె తగలాలి.

నేను పైప్‌లైన్ మెయింటెనెన్స్‌లో ఉన్నప్పుడు వాల్వ్‌లకు రెండు రకాల బిళ్ళలు వేలాడేవి. పాతవి ఇత్తడివి, సుత్తితో ఒక్కో పంచ్ కొట్టినవి, అంకెలన్నీ వంకరటింకర. కొత్తవి స్టీలువి, ఫైబర్ లేజర్‌తో నల్లగా వేయించినవి, చూడముచ్చటగా ఉండేవి. రిపేర్ల కోసం లైన్ ఆపిన ఒక షట్‌డౌన్‌లో పైపులతో పాటు బిళ్ళలకూ బూడిద రంగు కొట్టేశారు. లైన్ స్టార్ట్ చేసే ముందు రాత్రి ఏ వాల్వ్ ఏదో తేలక అందరికీ టెన్షన్. మా సీనియర్ ఫిట్టర్ జేబులోంచి సుద్దముక్క తీసి ఇత్తడి బిళ్ళ మీద రుద్ది, బొటనవేలితో తుడిచారు. గుంటల్లో సుద్ద నిలిచి 4, 1, 7 తెల్లగా తేలాయి. అలా చదువుకుంటూ పోయి స్టీలు బిళ్ళల దగ్గర ఆగిపోయాం. వాటి మీద సుద్ద నిలవలేదు. గ్రైండర్‌కు వైర్ బ్రష్ బిగించి రుద్దితే పెయింట్ పోయింది, దాంతోపాటే నంబరూ పోయింది. డ్రాయింగ్ పట్టుకుని ఒక్కో పైపు వెంట నడిచేసరికి తెల్లారింది.

ఆ నలుపు లేజర్ వేడికి స్టీలు పైన ఏర్పడే పల్చటి ఆక్సైడ్ పొర, అంతే. గట్టిగా రుద్దినా, యాసిడ్ తగిలినా పోతుంది. అదే మెషీన్‌తో ఒకే గీత మీద మళ్ళీ మళ్ళీ తిప్పి లోతుగా చెక్కించవచ్చు. టైమ్ ఎక్కువ పడుతుంది కాబట్టి చేసేవాళ్ళు తమంతట తాము చెప్పరు, మీరే అడగాలి.

చేత్తో పంచ్ కొట్టే పని మాత్రం పెట్టుకోకండి. మూడంకెల నంబర్లయితే 1,200 దెబ్బలు. ఇత్తడి, అల్యూమినియం అయితే చెయ్యి తట్టుకుంటుంది, స్టెయిన్‌లెస్ దెబ్బ పడేకొద్దీ గట్టిపడుతుంది. చెయ్యి అలిసి పంచ్ కాస్త వాలితే అంకె సగమే పడుతుంది. పైగా మామూలు నంబర్ పంచ్ సెట్‌లో ఉండేవి తొమ్మిది పంచ్‌లే, 6నే తిప్పి 9గా కొట్టాలి. 86 రెండుసార్లు పడి 89 అసలు లేకుండా పోయిన సెట్ నేను చూశాను. మీ నాలుగు వందల ట్యాగ్‌లకు డాట్ పీన్ మెషీన్ సరిగ్గా సరిపోతుంది. గట్టి సూదిమొన వరుసగా చుక్కలు గుచ్చుతూ అంకె రాస్తుంది, వరుస నంబర్లు అదే వేసుకుంటూ పోతుంది.

లిస్ట్ ఇచ్చేవాళ్ళ మీద నాకున్న కోపం కూడా చెప్పాలి. ఎక్సెల్‌లో 007 అని కొడితే అది 7 అయి కూర్చుంటుంది. ఆ కాలమ్‌ను టెక్స్ట్‌గా మార్చకుండా పంపేస్తారు, తప్పు బయటపడేది బిళ్ళలన్నీ తయారయ్యాకే. మెషీన్‌ను తిడతారు. ఫైల్ మీరే తెరిచి చూసుకోండి, మొదటి పది బిళ్ళలు వచ్చాక ఆపించి లిస్ట్‌తో కలిపి చూడండి.

వేలాడదీసే తీగ కూడా స్టెయిన్‌లెస్‌దే తీసుకోండి. మామూలు ఇనుప తీగ తుప్పు పట్టి తెగుతుంది, నేల మీద దొరికిన బిళ్ళ ఏ వాల్వ్‌దో ఎవరూ చెప్పలేరు.