ఫ్లాపీ ఫార్మాట్ చేయాలా అని అడిగితే డేటా పోయినట్టేనా?

పోయినట్టు కాదు. నాన్నగారి కథలున్న 3.5 అంగుళాల ఫ్లాపీలను పాత విండోస్ 98 కంప్యూటర్‌లో పెడితే ఫార్మాట్ చేయమంటారా అని అడుగుతోందని రాశారు. దయచేసి ఒప్పుకోకండి. పూర్తి ఫార్మాట్ చేస్తే ప్రతి ట్రాకు (డేటా ఉండే గుండ్రటి వరుస) మీదా కొత్తగా రాసేస్తుంది, ఆ తర్వాత ఎవరూ ఏమీ చేయలేరు. లోపాలు సరిచేసే స్కాన్‌డిస్క్ ప్రోగ్రామ్ కూడా వద్దు, అదీ ఫ్లాపీ మీదే మార్పులు చేస్తుంది. ముందు ఫ్లాపీ మూలనున్న చిన్న మీటను జరిపి రంధ్రం తెరుచుకునేలా పెట్టండి. ఇక దాని మీద ఏదీ రాయడం కుదరదు.

1.44 ఎంబీ ఫ్లాపీలో 2,880 సెక్టార్లు, అంటే డేటా రాసే చిన్న గదులు, ఉంటాయి. ఫ్లాపీ అమరికను చెప్పే బూట్ సెక్టారు, ఏ ఫైలు ఎక్కడుందో చెప్పే ఫ్యాట్ పట్టిక రెండు ప్రతులు, ఫైళ్ల పేర్లు అన్నీ మొదటి 33 సెక్టార్లలోనే ఉంటాయి. అక్కడ దెబ్బతింటే, మిగతాదంతా భద్రంగా ఉన్నా విండోస్ గుర్తుపట్టలేదు.

డీటీపీ (కంప్యూటర్‌లో పేజీలు కూర్చే) పనిలో ఉన్నప్పటి నుంచి ఇలాంటివి చాలా చూశాను. మన కోస్తా ఊళ్ల తేమకు బూజే పెద్ద శత్రువు. రేకు మూత పక్కకు జరిపి, వెనకనున్న లోహపు బిళ్లను వేలితో మెల్లగా తిప్పుతూ దీపం వెలుగులో చూడండి. తెల్లటి మచ్చలు కనిపిస్తే డ్రైవులో పెట్టవద్దు. ఆ బూజు డ్రైవులో ఫ్లాపీని చదివే హెడ్‌కు అంటుకుని, తర్వాత పెట్టిన మంచి ఫ్లాపీనీ గీకేస్తుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపిన మెత్తని దూదిపుల్లతో తుడిచి, పూర్తిగా ఆరనివ్వండి. పూత లేచిపోయి గుండ్రంగా గీత పడిన చోట ఉన్న డేటా మాత్రం తిరిగి రాదు.

తర్వాత లినక్స్‌లో డీడీరెస్క్యూ అనే ప్రోగ్రామ్‌తో మొత్తం ఫ్లాపీని ఒక ఇమేజ్ ఫైలుగా, అంటే ఉన్నదున్నట్టు నకలుగా, తీసుకోండి. చదవగలిగిన సెక్టార్లు, చదవలేనివి ఏవో అది ఒక మ్యాప్ ఫైలులో రాసుకుంటుంది. అదే మ్యాప్‌తో ఇంకో డ్రైవులో మళ్లీ నడిపితే మిగిలిపోయిన సెక్టార్ల కోసమే ప్రయత్నిస్తుంది. ఒక డ్రైవు వదిలేసినది మరో డ్రైవు చదవడం నేను తరచుగా చూశాను. హెడ్ కాస్త పక్కకు జరిగిన డ్రైవులో రాసిన ఫ్లాపీ ఒక్కోసారి ఆ డ్రైవులోనే సరిగ్గా చదవడానికి వస్తుంది. అందుకే నాన్నగారు వాడిన కంప్యూటర్ ఇంకా ఇంట్లో ఉంటే పాత సామాన్లవాడికి ఇవ్వకండి! బూట్ సెక్టారు ఒక్కటే పోయి ఉంటే, బాగున్న మరో 1.44 ఎంబీ డాస్ ఫ్లాపీ నుంచి దాన్ని తీసి ఇమేజ్ ప్రతిలో అతికించవచ్చు. అసలు ఫ్లాపీని ముట్టుకోనక్కర్లేదు.

ఫైలు తెరిచాక పిచ్చి ఇంగ్లీషు అక్షరాలు కనిపిస్తే పాడైందని తీసేయకండి. అప్పటి డీటీపీ ఫాంట్లు తెలుగు గుణింతాలను ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లోనే పెట్టేవి. అదే ఫాంటు వేస్తే తెలుగు కనిపిస్తుంది, ఆ తర్వాత ఇప్పటి కంప్యూటర్లు, ఫోన్లు వాడే యూనికోడ్‌లోకి మార్చుకోవచ్చు. నాన్నగారు పేజ్‌మేకర్‌లో టైపు చేసేవారా, వర్డ్‌లోనా, ఏ ఫాంటు వాడేవారు అన్నది తెలుసుకుని రాయండి. మార్చే పద్ధతి దాన్ని బట్టి చెబుతాను.