ముక్క లేని ముక్క కొనే ముందు

చిన్నా,

నువ్వు ఫోన్ పెట్టేసినప్పటి నుంచి నాకు అదే ఆలోచన. విశాఖ ఎంవీపీ కాలనీలో కర్రీ పాయింట్, అందులో మాంసం, గుడ్డు లేకుండానే అచ్చం అలా అనిపించే వంటలు, పనస బిర్యానీ, సోయా కీమా, పెసరపప్పుతో గుడ్డులేని పొరటు! పెట్టు. పనసపొట్టు కూర తిని పెరిగిన ఊరికి పనస బిర్యానీ ఏం కొత్త? మీల్‌మేకర్‌ని మటన్ అనుకుని మారు వడ్డించుకున్న పెద్దమనుషుల్ని కంచరపాలెం పెళ్ళిళ్ళలోనే చూశాను. వంట నీకు నేను నేర్పక్కర్లేదు. సరుకు కొనడం, దానికి పేరు పెట్టడం, ఈ రెండిటి గురించే చెబుతాను. క్యాటరింగ్‌లో నేను దెబ్బ తిన్నది అక్కడే.

మీ పెదనాన్నా నేనూ కార్తీకమాసంలో ఓ గృహప్రవేశానికి వంట ఒప్పుకున్నాం. పిల్లలకి సరదాగా ఉంటుందని ఒక సప్లయర్ దగ్గర వెజ్ కబాబ్ ప్యాకెట్లు తెప్పించాను. ముందువైపు పచ్చటి ఆకులు, పెద్ద అక్షరాల్లో సోయా అని. వేయించి పంపాం, క్షణాల్లో అయిపోయాయి. తర్వాత ఖాళీ ప్యాకెట్లు ఎత్తుతున్న కుర్రాడు, "అమ్మా, దీని మీద గోధుమరంగు చుక్క ఉందేంటి?" అన్నాడు. సప్లయర్ ధర స్టిక్కర్ సరిగ్గా ఆ చుక్క మీదే అంటించాడు, అది ఊడాకే కనబడింది. వెనకాల చదివితే, గుడ్డు తెల్లసొన! ముక్క విరక్కుండా పట్టి ఉంచడానికి అది వేస్తారట. నెలంతా నీచు ముట్టనని దీపం పెట్టుకున్న ఆ ఇంటి బామ్మగారి చేత నేను గుడ్డు తినిపించాను. ఆవిడ ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. సప్లయర్‌ని తిట్టాను గానీ, ప్యాకెట్ తిప్పి చూడనిది నేనే కదా.

అందుకే ముందు గుర్తు చూడు. ఆకుపచ్చ గడిలో ఆకుపచ్చ చుక్క ఉంటే శాకాహారం. మాంసాహారానికి ఇదివరకు గోధుమరంగు చుక్క ఉండేది, 2020 లేబులింగ్ నిబంధనలతో అది త్రికోణం అయింది. రంగులు పోల్చుకోలేనివాళ్ళకి చుక్కా చుక్కా ఒకేలా కనిపిస్తాయి మరి, ఆ మార్పు నాకు నచ్చింది. మన చట్టంలో గుడ్డు మాంసాహారమే, కేకులో చెంచాడు పడినా అంతే.

ఆకుపచ్చ చుక్క ఉన్నంత మాత్రాన వీగన్ కాదు. పాలు, తేనె ఉన్నా ఆ చుక్కే పడుతుంది. వీగన్‌కి 2022లో వేరే నిబంధనలు వచ్చాయి, ఆకుతో వీ అక్షరం ఉన్న లోగో వేరే ఉంది. జంతువుల నుంచి వచ్చింది ఏదీ, తయారీలో వాడి తీసేసేది కూడా, ఉండకూడదు. నువ్వు బోర్డు మీద వీగన్ అని రాసి, పనస ముక్కల్ని పెరుగులో నానబెట్టి, దించేముందు నెయ్యి పోస్తావు. నీ చెయ్యి నాకు తెలుసు! నెయ్యి మానలేకపోతే ఆ మాట రాయకు, శాకాహారం అని రాయి చాలు.

పదార్థాల జాబితాలో ఎక్కువ బరువున్నది ముందు వస్తుంది. మొదటి మాట నీళ్ళు అయితే మాంసం ధర పెట్టి నీళ్ళు కొంటున్నావన్నమాట. సోయా, గోధుమ గ్లూటెన్, వేరుశనగ, పాలు, ఇలా పడనివాళ్ళు ఉండే పదార్థాలుంటే ఆ సంగతి విడిగా రాయాలి. కొన్ని ముక్కలు పూర్తిగా గోధుమపిండి కడిగి తీసిన జిగురుతోనే చేస్తారు. నోట్లో అచ్చం కోడిలా సాగుతుంది. గోధుమ పడనివాడికి అది విషమే. కౌంటర్ దగ్గర నిలబడే పిల్లకి కూడా ఇవన్నీ నేర్పు.

పేరు విషయానికొస్తే, దేంతో చేశావో అది ముందు రాయి. "సోయా కీమా", "పనస బిర్యానీ", "పెసర పొరటు". ఊరికే "కీమా" అని రాసి కింద చీమతలంత అక్షరాల్లో సోయా అని పెట్టకు. పాల విషయంలో మనవాళ్ళు గట్టిగానే ఉన్నారు, సోయా ప్యాకెట్ మీద పాలు అనే మాట రాయనివ్వరు. కొబ్బరిపాలకి మినహాయింపు ఉంది. అమెరికాలో అయోవా అని ఒక రాష్ట్రం, గుడ్లకీ పందులకీ ఆ దేశంలో అదే మొదటిది. అక్కడ 2024లో చట్టం చేశారు. మొక్కలతో చేసినదాన్ని మాంసమనో గుడ్డనో పిలిస్తే, అసలుది కాదని తెలిపే మాట పక్కన ఉండి తీరాలి. తప్పుడు లేబులున్న సరుకు తెలిసి కొనకూడదని బడులకీ కాలేజీలకీ కూడా కట్టడి పెట్టారు. ఇందులో రైతుల లాభం కొంత ఉందిలే. అయినా కొనేవాడి మీద కూడా బాధ్యత పెట్టారు చూశావా, అది నాకు సబబుగానే తోచింది.

పూర్ణా మార్కెట్లో కొన్నా ఆన్‌లైన్లో తెప్పించినా బిల్లు లేకుండా తీసుకోకు. ప్యాకెట్ మీదా బిల్లు మీదా ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ, అంటే మన దేశపు ఆహార భద్రతా సంస్థ, ఇచ్చే 14 అంకెల నంబరు ఉండాలి. గడ్డకట్టిన సరుకు మైనస్ 18 డిగ్రీల్లో ఉండాలి. ప్యాకెట్ లోపల మంచు పలుకులు పేరుకుని ముక్కలన్నీ ఒకే ముద్దయితే ఒకసారి కరిగి మళ్ళీ గట్టిపడిందని అనుకో, వెనక్కి పంపెయ్. మే నెలలో మన ఉక్కలో ఆటోలో అరగంట చాలు అది పాడవడానికి. ఐస్ పెట్టె తీసుకెళ్ళు.

బోర్డు రాయించకముందు కాగితం మీద రాసి నాకు పంపు. ఆదివారం వస్తాను. పెసర పొరటులో ఉల్లిపాయ బాగా వేయించు, పచ్చివాసన పోవాలంటే అదే దారి. మీ పెదనాన్నకి ఒక డబ్బా తీసిపెట్టు, గుడ్డు కాదని మాత్రం ముందే చెప్పి ఇవ్వు.

మీ పెద్దమ్మ