బోరు పదకొండో పేజీలో ఎందుకుంది?

చిరంజీవికి,

డేటా సెంటర్ పక్క ఊరి నీళ్ల మీద నీ థీసిస్ కోసం రాసిన ఇరవై పేజీలూ చదివాను. మొదటి పేజీలోనే 'డిజిటల్ పెట్టుబడి', 'నీటి రాజకీయం' వచ్చి కూర్చున్నాయి. బోరు మాత్రం పదకొండో పేజీకి గాని కనబడలేదు. దాన్ని ముందుకు తే. ఎన్ని అడుగులు వేశారు, మోటారు ఎన్ని హార్స్‌పవర్, ఎవరి బిందె ముందు వరుసలో ఉంటుంది... ఇవి తెలిశాక సిద్ధాంతం చెబితే ఎవరైనా వింటారు.

డేటా సెంటర్ గోడ లోపల నీళ్లేమవుతాయో కూడా రాయాలి. కంప్యూటర్ల వేడిని బయటికి పంపే కూలింగ్ టవర్‌లో నీళ్లు ఆవిరై పోతాయి, లవణాలు మిగిలిపోతాయి. అవి చిక్కబడితే పైపుల్లో గార కడుతుంది కాబట్టి కొంత నీటిని వదిలేసి కొత్త నీళ్లు పోస్తారు. వాళ్ల భాషలో బ్లోడౌన్. అందుకని 'ఎంత వాడుతున్నారు?' అని ఊరుకోకు. ఎంత తీసుకున్నారు, ఎంత ఆవిరైంది, ఎంత వదిలారు, ఎక్కడికి వదిలారు, అన్నీ అడుగు. గాలితోనే చల్లబరుస్తున్నామంటే నీళ్లు తగ్గి కరెంటు పెరిగిందన్నమాట. అప్పుడు సబ్‌స్టేషన్‌కి వెళ్లు.

సెక్యూరిటీ గార్డు పేరు మార్చావు, మంచిదే. కానీ ఆ గేటు దగ్గర రాత్రి షిఫ్టులో ఉండేది ఒక్కడే అయితే మేనేజరు ఇట్టే పోల్చుకుంటాడు. గేటూ షిఫ్టూ కూడా మార్చు.

జేబు పుస్తకంలో గీకినవి ఆ రాత్రే విప్పి రాయి. తెల్లారితే మాటలు పోయి సారాంశం మిగులుతుంది. కుడి పేజీలో చూసినవీ విన్నవీ, ఎడమ పేజీలో నీకు తోచినవీ. ఊళ్లో ఒకామె 'బోరు వట్టిపోయింది' అంటే నువ్వు 'భూగర్భజలం తగ్గింది' అని దిద్దావు. వట్టిపోయేది పాడి ఆవు కూడా! ఆ పోలికను నీ చేత్తోనే కొట్టేశావు.

నోట్సు ప్రతులన్నీ ఒకే చోట ఉంచకు. సామాజిక శాస్త్రవేత్త ఎం.ఎన్. శ్రీనివాస్ గారు 1948లో రాంపుర అనే ఊళ్లో ఉండి రాసుకున్న ఫీల్డ్‌వర్క్ నోట్సును ఏళ్ల తరబడి క్రమపరిచి మూడు ప్రతులు చేసుకున్నారు. 1970లో స్టాన్‌ఫర్డ్‌లో దుండగులు నిప్పు పెట్టినప్పుడు మూడూ ఒకే గదిలో ఉన్నాయి.

జర్నల్ వ్యాసం సంగతి తర్వాత చూద్దాం. 8,000 మాటల్లో ఒక్క ఊరు పడితే చాలు.

ఇంకొకటి, నీ తేదీలు జులై నుంచి జనవరి దాకానే ఉన్నాయి. ఏప్రిల్, మే లేకుండా నీళ్ల మీద థీసిస్ ఏమిటి? అక్కడి గది ఖాళీ చేయకు.