సాయం చేస్తే తృప్తి వస్తుంది కాబట్టి అదీ స్వార్థమేనా?

మీ ఫ్రెండ్ "లోకంలో నిస్వార్థం అనేదే లేదు, సాయం చేస్తే నీకు తృప్తి దక్కుతుంది కదా, అంటే అదీ స్వార్థమే" అంటున్నాడనీ, ఒప్పుకోకపోతే మీది ఓపెన్ మైండ్ కాదంటున్నాడనీ రాశారు. ఈ మాట నేను కాలేజీ రోజుల నుంచీ వింటున్నా. వినగానే నోట మాట రాదు. డబ్బు ఇస్తే పేరు కోసం, పేరు చెప్పకుండా ఇస్తే పుణ్యం కోసం, పుణ్యం మీద నమ్మకమే లేనివాడు ఇస్తే తృప్తి కోసం, ప్రాణమే ఇచ్చేస్తే పోయాక పేరు నిలుస్తుందని! ఏం జరిగినా తనదే పైచేయి అయ్యేలా కట్టుకున్న వాదన ఇది. ఏం చూపించినా మారనిదాన్ని పట్టుకుని కూర్చున్నవాడు ఎదుటివాడి మైండ్ మూసుకుపోయిందనడం కాస్త వింతే.

నాకు తెలిసిన సంగతి చెప్తాను. రక్తదాన శిబిరాల్లో ఫారాలు నింపించే టేబుల్ దగ్గర చాలాకాలంగా కూర్చుంటున్నా. అక్కడికి వచ్చేవాళ్లలో అన్ని రకాలూ ఉంటారు. హీరో పుట్టినరోజని వచ్చే అభిమానులు, సర్టిఫికెట్ కోసం వచ్చే స్టూడెంట్లు, సూది గుచ్చకముందే సెల్ఫీ తీసి స్టేటస్ పెట్టేవాళ్లు, ఎవరికీ చెప్పకుండా వచ్చి ఇచ్చేసి జ్యూస్ కూడా తాగకుండా పోబోతుంటే మేం కేకేసి కూర్చోబెట్టాల్సిన వాళ్లు. సెల్ఫీ బ్యాచ్‌ని చూసి నవ్వేవాళ్లు చాలామందే ఉన్నారు, నేను నవ్వను. ఆ బ్యాగు మీద సెల్ఫీ ఏమీ అంటించరు కదా. ఒక బ్యాగులోంచి ఎర్ర కణాలు, ప్లేట్‌లెట్లు, ప్లాస్మా విడదీస్తే ఒక్కోటీ ఒక్కో మనిషికి పోవచ్చు, వాటిలో ఒకటి, రెండు మూడు వారాలకోసారి రక్తం ఎక్కించుకోవాల్సిన తలసేమియా పిల్లకి చేరొచ్చు. ఇచ్చినవాడికి ఆ పిల్ల ఎవరో తెలియదు, ఆ పిల్లకి ఇతనెవరో తెలియదు.

అలాగని ఉద్దేశంతో పనే లేదనను. ఒక్కచోట మాత్రం దానితో చాలా పెద్ద పని ఉంది. ఫారంలో ప్రశ్నలుంటాయి: ఈ మధ్య జ్వరం వచ్చిందా, కామెర్లు వచ్చాయా, మందులు వాడుతున్నారా, పచ్చబొట్టు పొడిపించుకున్నారా. తనంతట తాను వచ్చినవాడు "పోయిన వారం యాంటీబయోటిక్స్ వాడానండీ" అని చెప్పేస్తాడు, తర్వాత రండి అంటే సరేనని వెళ్లిపోతాడు. ఆసుపత్రి వాళ్లు "ఒక యూనిట్ తీసుకోవాలంటే మీవాళ్లెవరైనా ఒక యూనిట్ ఇవ్వాలి" అంటే పరుగెత్తుకొచ్చిన బంధువు అలా చెప్పలేడు. లోపల తమ్ముడు ఆపరేషన్ టేబుల్ మీద ఉంటే ఎవరికైనా టెన్షనే. ఒకసారి ఒకాయన వేలి నుంచి తీసిన రక్తపు చుక్కని నీలం రంగు కాపర్ సల్ఫేట్ ద్రావణంలో వేశారు. చుక్క మునిగితే హిమోగ్లోబిన్ సరిపోయినట్టు, తేలితే లేనట్టు. అది కాసేపు అక్కడక్కడే ఆడి పైకి తేలిపోయింది. ఆయన సీసా వంకే చూస్తూ "ఇంకో వేలు గుచ్చండి సార్, ఈ వేలికి రక్తం తక్కువుంటుంది" అన్నాడు. అది స్వార్థమంటారా, తమ్ముడి మీద ప్రేమంటారా? ఏదైనా కానివ్వండి, అలాంటి ఒత్తిడిలో మనిషి ఫారంలో నిజం రాయకపోవచ్చు. డబ్బు తీసుకుని రక్తం అమ్మేవాళ్లతో వచ్చిన చిక్కు కూడా ఇదే, రోగం ఉందని చెప్తే ఆ రోజు డబ్బు రాదు కాబట్టి దాచేస్తారు. సుప్రీంకోర్టు 1996లో తీర్పు ఇచ్చాక 1998 జనవరి 1 నుంచి మన దేశంలో రక్తం అమ్మకం ఆపించారు. హెచ్ఐవీ టెస్టు ఫ్రీగా అయిపోతుందని రక్తమిచ్చేవాళ్లతోనూ ఇదే బాధ, వాళ్లకి తమ మీదే అనుమానం ఉంటుంది కానీ పైకి అనరు.

అందుకే "లోపల స్వార్థం ఉందా లేదా" అన్న ప్రశ్న నాకంత ముఖ్యం కాదు. తనకి వచ్చే లాభం అవతలి మనిషికి హాని చేసేదాకా పోతోందా అనేదే చూస్తాను. సెల్ఫీ తీసుకున్నవాడి లాభం ఎవరికీ హాని చేయదు. కామెర్లు దాచినవాడిది చేస్తుంది. రెండింటికీ స్వార్థం అని ఒకటే పేరు పెట్టేస్తే ఇంత తేడా కనబడకుండా పోతుంది, మీ ఫ్రెండ్ వాదనతో నా అసలు పేచీ ఇక్కడే.

ఇక ఓపెన్ మైండ్ సంగతి. 1981లో అమెరికాలోని కాన్సాస్ యూనివర్సిటీలో డేనియల్ బ్యాట్సన్ అనే సైకాలజిస్టు, ఆయన బృందం ఒక ప్రయోగం చేశారు. ఎలేన్ అనే అమ్మాయికి కరెంటు షాకులు తగులుతున్నట్టు చూపించి (నిజంగా తగలవు, నటన), ఆమె బదులు మీరు తీసుకుంటారా అని చూస్తున్నవాళ్లని అడిగారు. కొందరికి కాసేపు చూసి వెళ్లిపోయే వీలిచ్చారు, మిగతావాళ్లు చివరిదాకా చూడాల్సిందే. జనం కేవలం తమ బాధ తప్పించుకోవడానికే సాయం చేసేట్టయితే, వెళ్లిపోయే వీలున్నవాళ్లు వెళ్లిపోవాలి కదా. ఆమె మీద పెద్దగా జాలి కలగనివాళ్లు చాలావరకు అదే చేశారు. జాలి బాగా కలిగినవాళ్లలో ఎక్కువమంది మాత్రం వీలున్నా పోలేదు, షాకులు మేం తీసుకుంటామన్నారు. తర్వాత రాబర్ట్ చాల్దీనీ లాంటి సైకాలజిస్టులు "తమ దిగులు పోగొట్టుకోవడానికి చేశారేమో" అని అడ్డు తగిలారు, బ్యాట్సన్ దానికీ ప్రయోగాలు కట్టాడు. ఆ గొడవ పూర్తిగా తేలలేదు, తేలాలని కూడా నాకేం పంతం లేదు. నాకు నచ్చింది ఏంటంటే, ఆయన ఎదుటివాడి మాట గెలవడానికి ప్రతిసారీ నిజంగానే చోటిచ్చాడు. ఫలితం ఇంకోలా వచ్చుంటే తనే ఓడిపోయేవాడు.

కాబట్టి మీ ఫ్రెండ్‌ని ఒకే ఒక్క ప్రశ్న అడగండి: ఏం చూస్తే నీ అభిప్రాయం మార్చుకుంటావు? జవాబు చెప్తే కూర్చుని మాట్లాడుకోవచ్చు, రాత్రంతా మాట్లాడుకోండి. "ఏం చూసినా మారను, ఎందుకంటే అదే నిజం" అంటే టాపిక్ మార్చేసి టీ చెప్పండి. మిమ్మల్ని అడిగినా మీ దగ్గరా జవాబుండాలి సుమా. నా మటుకు నాకైతే, ఏ బహుమతీ సర్టిఫికెట్టూ లేనిచోట ఒక్కరు కూడా రక్తమివ్వడం లేదని తేలితే ఇదంతా వెనక్కి తీసుకుంటా.

అతను స్వార్థంతోనే వస్తానన్నా శిబిరానికి తీసుకురండి, మాకేం అభ్యంతరం లేదు. ఖాళీ కడుపుతో మాత్రం తేకండి, కళ్లు తిరిగి పడేవాళ్లలో చాలామంది టిఫిన్ చేయకుండా వచ్చినవాళ్లే.