సీలర్ రాసేదే అరగదీయడానికి

ప్రశ్న: మాస్టారూ, నేను లేత్ (కర్రని తిప్పుతూ చెక్కే యంత్రం) మీద మామిడి కర్రతో ఉయ్యాల కోళ్లు, పూజగది స్తంభాలు చేస్తాను. లాకర్ (మెరుపు పూత) వేస్తే గాడుల దగ్గర నల్లగా, గరుగ్గా ఉండిపోతోంది. షాపులో అడిగితే లాకర్‌కి ముందు వేసే అడుగు పూత, ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) శాండింగ్ సీలర్ ఇచ్చారు. మూడు కోట్లు మందంగా వేశాను. ఇప్పుడు పైన తెల్లటి పొర కట్టింది. సీలర్ పనికిరాదా?
– ఒక పాఠకుడు, నరసన్నపేట

జవాబు: సీలర్ మంచిదే బాబూ. మందంగా వేసి అలా వదిలేయడం వల్లే ఇబ్బంది.

గాడి తీసిన ప్రతిచోటా కర్ర అడ్డంగా తెగుతుంది. అక్కడ లోపలి సన్నటి గొట్టాలు నోళ్లు తెరుచుకుని ఉంటాయి, లాకర్‌ని తాగేస్తాయి. అందుకే ఆ నలుపు. పైగా తడి తగలగానే పీచు లేస్తుంది, మీ చేతికి తగిలే గరుకు అదే. సీలర్ ఆ నోళ్లు మూసి, లేచిన పీచుని బిగించి పట్టుకుంటుంది. అప్పుడు శాండ్‌పేపర్ పెడితే పీచు వంగిపోకుండా తెగుతుంది. దాని పని అంతవరకే, మెరుపు పైన వేసే లాకర్ ఇవ్వాలి. సీలర్‌లో సాధారణంగా జింక్ స్టియరేట్ కలుపుతారు. అది ఒక రకం లోహపు సబ్బు. పేపర్‌కి అంటుకోకుండా పొడిగా రాలేది దానివల్లే. కానీ అదే పొరని మెత్తగా కూడా చేస్తుంది. మందంగా ఉంచేస్తే మసక కడుతుంది, దెబ్బ తగిలితే పెచ్చులు లేస్తాయి.

తెలుపుకి వానాకాలం కూడా కారణం కావచ్చు. థిన్నర్ ఆవిరయ్యేటప్పుడు కర్ర పైభాగం చల్లబడి, గాలిలో తేమ దానిమీద పడుతుంది. సముద్రం గాలి తగిలే మన జిల్లాల్లో ఇది మామూలే. విజయనగరంలో మా షెడ్డులో ముసురు పట్టిన రోజున సీలర్ డబ్బా మూతే తీయం. గిరాకీ తొందర పెట్టినా సరే, ఎండ పొడ వచ్చేదాకా ఆగమంటాను.

ఇప్పుడున్న పొరని థిన్నర్ గుడ్డతో తుడిచేయండి, ఎన్‌సీ సీలర్ కాబట్టి కరిగి వచ్చేస్తుంది. కర్రని 240 నంబరు పేపర్ దాకా రుద్ది, దుమ్ము పూర్తిగా దులపండి. రంగు వేయాలనుకుంటే ముందే వేయాలి, సీలర్ తర్వాత అది సరిగా ఇంకదు. సీలర్‌కి సమానంగా థిన్నర్ కలిపి, లేత్ ఆపి, బ్రష్‌తో గాడుల్లోకి పట్టించి, మిగులు వెంటనే తుడవండి. తిరుగుతున్న లేత్ దగ్గర వేలికి గుడ్డ చుట్టుకుని మాత్రం పనిచేయొద్దు, గుడ్డ చుట్టుకుపోతే వేలు పోతుంది. బీడీ, స్టవ్ దగ్గరలో ఉండకూడదు.

ఒక గంట ఆరనిచ్చి, తక్కువ వేగంలో 320తో తేలిగ్గా రుద్దండి. తెల్లటి పొడి రాలితే ఆరినట్టు. జిగురుగా పేపర్‌కి అంటుకుంటే ఇంకా ఆగాలి. గాడులు మళ్లీ తాగినట్టు కనిపిస్తే అక్కడ మాత్రమే రెండోసారి రాయండి. ఆ తర్వాతే లాకర్. పైన లాకర్ బదులు పీయూ (పాలీయురిథేన్ పూత) వేసే పనయితే ఎన్‌సీ సీలర్ వద్దు, ఆ పీయూకి చెప్పిన సీలరే కొనండి.

ప్రతి పనికీ సీలర్ అక్కర్లేదు. ఏటికొప్పాకలో అంకుడు కర్ర బొమ్మలు చేసేవాళ్లు తిరుగుతున్న కర్రకి రంగు లక్కని ఆనిస్తారు. రాపిడి వేడికి లక్క కరిగి పట్టుకుంటుంది, మొగలి ఆకుతో రుద్దితే నునుపు తేలుతుంది. అక్కడ లక్కే సీలరూ, పాలిషూ. ఆ పని ఎంతసేపు చూసినా నాకు తనివి తీరదు.

ప్రశ్న: కొత్త అప్పడాల కర్ర చేయించుకున్నాను. దానికి సీలర్ వేయించమంటారా?
– ఒక పాఠకురాలు, బొబ్బిలి

జవాబు: వద్దమ్మా. రోజూ తడి తగిలే వస్తువు మీద పొర నిలవదు, పెచ్చులు పిండిలో పడతాయి. పెయింట్ షాపుల్లో అమ్మే డబుల్ బాయిల్డ్ అవిసె నూనె కూడా రాయించొద్దు, త్వరగా ఆరడానికి అందులో లోహపు డ్రైయర్లు కలుపుతారు. కర్రని తడిపి ఆరబెట్టండి. పీచు లేస్తుంది, అప్పుడు సన్నటి పేపర్‌తో రుద్దండి. రెండుసార్లు ఇలా చేస్తే నున్నగా అయిపోతుంది. కడిగాక నీళ్లలో నానబెట్టకుండా వెంటనే తుడిచి, నిలబెట్టి ఆరబెట్టుకోండి.